ప, బ, మ: కంటికి ఒకటే, చెవికి మూడు

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. అమ్మగారికి 71 ఏళ్లు. పదిహేనేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చి ఇప్పుడు రెండు చెవులకీ ‘సివియర్ టు ప్రొఫౌండ్’, అంటే తీవ్రం నుంచి దాదాపు పూర్తి చెవుడు, అని రిపోర్టు ఇచ్చారు. వినికిడి మిషన్ పెట్టి, చెప్పేవాళ్ల నోరు కనపడకుండా అడ్డం పెట్టి 25 మాటలు చెబితే రెండే సరిగ్గా అన్నారు. ‘ఇంత తక్కువ స్కోరుకి మిషన్ దండగ, ఎలాగూ పెదాలు చూసి నెట్టుకొస్తున్నారుగా’ అని పరీక్ష చేసినచోట అనేశారు. మీ తమ్ముడిదీ అదే పాట. అమ్మగారు మాత్రం మిషన్ తీయనివ్వట్లేదు. ఎందుకమ్మా అంటే ‘అది పెట్టుకుంటే మీ మాటలు బాగా కనపడతాయే’ అన్నారు. వయసు మీదపడి ఏదో తికమకగా మాట్లాడుతున్నారేమోనని మీ అనుమానం.

తికమకేమీ లేదు. 22 ఏళ్లుగా ఆడియాలజిస్టుగా, అంటే వినికిడి పరీక్షించి మిషన్లు అమర్చే పనిలో, ఉన్నాను. ఈ సంగతిని ఒక్క ముక్కలో ఇంత కచ్చితంగా చెప్పిన పేషెంటుని నేను చూడలేదు. చెవితో మాత్రమే వింటే ఒక్క మాటా తెలియనంత మసకబారిన శబ్దం కూడా, పెదాలు చూసే మనిషికి చాలా పెద్ద ఆసరా. మిషన్ తీయకండి. ఎందుకు తీయకూడదో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు అమ్మగారికి ఏం వినపడుతోందో ఊహించుకోండి. పక్క వాటాలో మొగుడూ పెళ్లాలు గొడవపడుతుంటే గోడ ఇవతల మనకి ఎలా వినపడుతుంది? మాటలు తెలియవు. కానీ ఇప్పుడు మాట్లాడేది ఆవిడా ఆయనా అన్నది తెలుస్తుంది. ఎక్కడ ఆపారో, ఎక్కడ గొంతు లేచిందో, ఏది అడగడమో ఏది తిట్టడమో తెలుస్తుంది. గోడ బేస్‌ని, అంటే లావుపాటి అడుగు శబ్దాలని, రానిచ్చి సన్నటి శబ్దాలని ఆపేస్తుంది కాబట్టి అలా ఉంటుంది. వయసుతో వచ్చే చెవుడూ చాలామందిలో అంతే. వినికిడి పరీక్షలో గీత గీసి ఇచ్చే ఆడియోగ్రామ్ కాగితం తీసి చూడండి. గీత కిందికి పోయిన కొద్దీ వినికిడి తక్కువని. ఎడమవైపు 250, 500 హెర్ట్జ్ (శబ్దం శ్రుతికి కొలత) అని ఉన్న గడుల దగ్గర గీత కాస్త పైన ఉండి, కుడివైపు 2000, 4000 దగ్గరికొచ్చేసరికి కిందకి జారిపోయి ఉంటుంది. మనిషి గొంతు అసలు శ్రుతి ఆ ఎడమవైపు కొసలోనే ఉంటుంది: మగవాళ్లకి సుమారు 100 నుంచి 120 హెర్ట్జ్, ఆడవాళ్లకి 200 చుట్టుపక్కల, పిల్లలకి ఇంకా పైన. ‘స’ లాంటి బుసబుస శబ్దాలు మాత్రం 4000 దాటి ఉంటాయి. మిషన్ ఎంత గట్టిగా అరిచినా అమ్మగారికి ‘స’ అందకపోవచ్చు. గొంతు మోగుతోందా లేదా అన్నది మాత్రం అందుతుంది.

అంటే ఆవిడ గోడవతలి గొడవ వింటున్నారు. ఆ గోడకి ఒక కిటికీ పెట్టి, మాట్లాడేవాళ్ల మొహాలు కనపడనిస్తే ఏమవుతుందన్నదే ఇక్కడ ప్రశ్న.

అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రాకుండా పెదాలతోనే ‘బండి’ అనండి. తర్వాత ‘పంది’, ‘మంది’, ‘పండి’, ‘మండి’ అనండి. అయిదూ ఒకటేలా ఉంటాయి. బాగా అలవాటున్న కళ్లు ద దగ్గర నాలిక కొసని, డ దగ్గర అది లేకపోవడాన్ని ఎప్పుడైనా పట్టుకుంటాయి, అదీ వెలుగు మొహం మీద పడితే. మొదటి అక్షరం ప, బ, మల్లో ఏదో పట్టుకోవడం మాత్రం ఎవరి తరమూ కాదు. ‘బండి వచ్చిందా’ అని మీరడిగితే, ‘ఊళ్లోకి పందులు రావడం మానేసి చాలాకాలమైందిగా’ అని అమ్మగారు జవాబిస్తే నవ్వకండి. ఆవిడ కంటికి తప్పేమీ జరగలేదు.

ఇప్పుడు చిన్నప్పుడు పలక మీద దిద్దిన వర్ణమాలని గుర్తు తెచ్చుకోండి. క ఖ గ ఘ ఙ ఒక వరస, చ ఛ జ ఝ ఞ ఒక వరస, అలా ప ఫ బ భ మ దాకా. అడ్డంగా ఉన్న ఒక్కో వరస నోట్లో ఎక్కడ పలుకుతుందో చెబుతుంది. చివరి వరస పెదాల దగ్గర, దాని పైది పళ్ల దగ్గర, క వరస ఎక్కడో గొంతు మొదట్లో. నిలువు వరసలు వేరే సంగతి చెబుతాయి: గొంతు మోగకుండా పలికే పరుషాలు, మోగుతూ పలికే సరళాలు, ముక్కులోంచి పలికే అనునాసికాలు. పెదాలు చూసే కంటికి తెలిసేది అడ్డ వరస. నిలువు వరస కంటికి బొత్తిగా తెలియదు, ఎందుకంటే గొంతులో తీగలు మోగుతున్నాయా, గాలి ముక్కులోంచి పోతోందా అన్నది బయటి నుంచి కనపడేది కాదు. సరిగ్గా ఆ నిలువు వరసే బేస్ శబ్దంలో ఉంది. మొద్దుబారిన చెవికి కూడా ముందుగా అందేది అదే.

దేవుడు సరదాకి చేసినట్టుంటుంది ఈ పంపకం. 1955లో జార్జ్ మిల్లర్, ప్యాట్రీషియా నైస్లీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇంగ్లీషు హల్లుల మీద హోరు కలిపి, సన్నటి శబ్దాలు కత్తిరించి, వినేవాళ్లు దేన్ని దేనితో పొరబడుతున్నారో లెక్కకట్టారు. గొంతు మోగిందా లేదా, ముక్కుతో పలికిందా లేదా అన్నవి చాలా హోరులోనూ నిలబడ్డాయి. నోట్లో ఎక్కడ పలికింది అన్నది అన్నిటికంటే ముందు కొట్టుకుపోయింది. చెవికి ముందుగా పోయేదేదో అదే కంటికి బాగా కనపడుతుంది. కంటికి కనపడనిది చెవికి చివరిదాకా మిగులుతుంది. నా ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఈ ఒక్క వాస్తవం మీదే నడిచిందంటే పెద్ద అబద్ధం కాదు.

దీన్ని చేత్తో పట్టుకుని చూడొచ్చు. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి నెమ్మదిగా ‘అప్ప’ అనండి. తర్వాత ‘అబ్బ’, ఆ తర్వాత ‘అమ్మ’. మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుని, ఒకేలా తెరుచుకుంటాయి. ‘అప్ప’లో పెదాలు మూసుకున్నంతసేపూ వేళ్ల కింద ఏమీ ఉండదు, గొంతు పూర్తిగా ఆగిపోతుంది. ‘అబ్బ’లో పెదాలు మూసి ఉన్నా లోపల మూటగట్టినట్టు సన్నగా మోగుతూనే ఉంటుంది. ‘అమ్మ’లో అయితే తుమ్మెద రొద నిరాటంకంగా సాగిపోతుంది. మాట మొదట్లో కూడా ఇంతే. తెలుగులో బ పలికేటప్పుడు పెదాలు తెరుచుకోవడానికి ముందే గొంతు మోగడం మొదలవుతుంది. ప పలికేటప్పుడు తెరుచుకున్నాకే మొదలవుతుంది. తేడా సెకనులో పదో వంతుకి అటూ ఇటూ, అంతే. కానీ మాట ప నా బ నా అన్నది తేలేది అక్కడే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పెదాలు ఎప్పుడు తెరుచుకున్నాయో కంటికి తెలుసు, గొంతు ఎప్పుడు మోగిందో అమ్మగారి చెవికి తెలుసు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకునే మెదడుకి మాత్రమే తెలుసు. కన్నొక్కదాన్నీ పరీక్షించినా, చెవొక్కదాన్నీ పరీక్షించినా ఈ లాభం ఎక్కడా బయటపడదు. అందుకే నోరు కనపడకుండా చేసిన పరీక్షలో 25కి 2 వచ్చాయి. ఆ పరీక్ష తప్పు అనను, నేనూ రోజూ చేస్తాను. దాన్ని బట్టి మిషన్ తీసేయమనడం మాత్రం, ఒక చెప్పు వేసుకుని నడిచి చూసి జత పనికిరాదనడం లాంటిది.

నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. గోదావరి డెల్టా రైతు, మాట తక్కువ మనిషి. ఆయన కోసం నాలుగు అట్టముక్కల మీద నాలుగు మాటలు రాశాను: పారు, మారు, తారు, నారు. మిషన్ ఆపేసి, నా మొహం చూడమని ఒక్కో మాట చెప్పాను. ‘పారు’ అన్నా ‘మారు’ అన్నా ఆయన చెయ్యి ఆ రెండు అట్టల మధ్యే తిరిగింది, తారు, నారుల వైపు పోనే లేదు. పెదాలు మూసుకోవడం కనపడింది కదా. తర్వాత మిషన్ పెట్టి, నోటికి అడ్డం కాగితం పట్టుకుని చెప్పాను. ఈసారి ‘మారు’ అంటే మారు, నారుల మధ్య వెతుక్కున్నారు. ‘తారు’ అంటే తారు, పారుల మధ్య. ముక్కుతో పలికిన హోరు ఉందా లేదా అన్నది చెవి చెప్పింది, పెదాలా పళ్లా అన్నది చెప్పలేకపోయింది. మూడోసారి కాగితం తీసేశాను, మిషన్ ఉంచాను. ఆయన ఇక తడుముకోలేదు. ‘నారు’ దగ్గర అట్ట మీద గట్టిగా కొట్టి, ‘ఇది మాది’ అన్నారు. రెండు సగాలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీసినట్టు కలిసి ఒక్క గడి మిగిలింది. మీ ఇంట్లోనూ ఈ నాలుగు అట్టలూ రాసి ఆడి చూడండి, తమ్ముడి ముందు.

అమ్మగారి విషయంలో జరిగిన వాదన కొత్తదేం కాదు. చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్లు పుట్టిన కొత్తల్లో అమెరికాలో ఇదే వాదన పెద్ద ఎత్తున నడిచింది. లాస్ ఏంజిలిస్‌లో విలియం హౌస్ అనే డాక్టరు 1961లో మొదటి ఆపరేషన్లు చేశాడు. ఆయన తర్వాత వాడకంలోకి తెచ్చిన పరికరం ఒక్క చానల్‌దే, అంటే శబ్దమంతా ఒకే దారిలో పంపేది, ఇప్పటి ఇంప్లాంట్లలా కాదు. దాంతో మాట అర్థం కాదు, ఉత్త హోరు తప్ప ఏమీ రాదు, దీనికోసం మనిషి తల కొయ్యాలా అని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే విరుచుకుపడ్డారు. చివరికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పిట్స్‌బర్గ్‌లోని రాబర్ట్ బిల్గర్ బృందాన్ని తేల్చమంది. వాళ్లు అప్పటికి ఇంప్లాంటు ఉన్న 13 మందిని పరీక్షించి 1977లో రిపోర్టు ఇచ్చారు. వట్టి చెవితో వాళ్లకి మాట అర్థం కావట్లేదన్నది నిజమే. కానీ పెదాలు చూస్తూ వింటే వాళ్ల పని మెరుగవుతోంది, వాళ్ల సొంత గొంతు మీద అదుపు కూడా వస్తోంది. ఆ రిపోర్టు తర్వాత గాలి మారింది. 1984లో అమెరికా ప్రభుత్వం ఆ ఒక్క చానల్ పరికరానికి అనుమతి ఇచ్చింది.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన ప్రయోగం 1981లో నేచర్ పత్రికలో వచ్చింది. స్టువర్ట్ రోజెన్, ఏడ్రియన్ ఫోర్సిన్, బ్రయన్ మూర్ అని ఇంగ్లండ్‌లోని ముగ్గురు చేశారు. చదివే మనిషి మెడ మీద గొంతు దగ్గర ఎలక్ట్రోడ్లు అంటించి, స్వరతంతువుల కదలికని మాత్రం ఒక బుర్రుమనే శబ్దంగా మార్చి వినేవాళ్లకి పంపారు. అందులో అచ్చులు లేవు, హల్లులు లేవు. గొంతు మోగినప్పుడు బుర్రు, ఆగినప్పుడు నిశ్శబ్దం, శ్రుతి పెరిగితే బుర్రు పెరుగుతుంది, అంతే. దాన్ని ఒక్కదాన్నీ వింటే ఎవరికీ ఒక్క మాటా తెలియదు. పెదాలు చూస్తూ అది వింటే మాత్రం, ఉత్త పెదాలు చూసినప్పటికంటే చాలా వేగంగా పాఠం అందుకున్నారు. మీ అమ్మగారి మిషన్ ఈ బుర్రు కంటే చాలా ఎక్కువే ఇస్తోంది.

చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ల కోసం టాడోమా అనే పద్ధతి ఒకటుండేది. బొటనవేలు మాట్లాడేవాళ్ల పెదాల మీద, మిగతా వేళ్లు దవడ మీదా గొంతు మీదా ఆనించి మాట పట్టుకునేవాళ్లు. ఆలోచిస్తే అదీ ఇదే లెక్క. బొటనవేలికి అడ్డ వరస, గొంతు మీది వేలికి నిలువు వరస.

తెలుగుకి సంబంధించి రెండు మాటలు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పెదాలు చూసేవాళ్లకి కొంత సుఖం. ‘వచ్చాడు’కి పెదాలు ముందుకి సున్నాలా వస్తాయి, ‘వచ్చాడా’కి నోరు తెరుచుకునే ఉంటుంది, ప్రశ్న కంటికే తెలుస్తుంది. కష్టమల్లా క్రియ చివర. ‘రాను’, ‘రాడు’ కంటికి దాదాపు ఒకటే. ‘పండక్కి రాను’ అన్నది మీరా, ‘పండక్కి రాడు’ అని తమ్ముడి గురించి చెబుతున్నారా అన్నది ఆ ఒక్క అక్షరంలో ఉంది. న లో ముక్కు హోరు సాగుతుంది, డ లో నాలిక చటుక్కున తగిలి వదిలేస్తుంది. బేస్ మిగిలిన చెవి దీన్ని చాలాసార్లు పట్టుకుంటుంది. ‘ఆట’, ‘అట్ట’ లాంటి జంటలూ అంతే. ఒకదానిలో గొంతు ఎక్కువసేపు మోగి కాసేపే ఆగుతుంది, రెండోదానిలో కాసేపు మోగి ఎక్కువసేపు ఆగుతుంది. కాలం కొలవడంలో కంటికంటే చెవి చాలా చురుకైనది. మన వైపు వాడే పరీక్ష మాటల జాబితాలు ఇలాంటి జంటలని దృష్టిలో పెట్టుకుని మొహం చూపిస్తూ కూడా చేసేలా ఉంటే బాగుండునని నాకెప్పుడూ ఉంటుంది. అది వేరే గోల.

ఇక మిషన్ సంగతి. ఇందాక చెప్పిన రైతు మొదట వచ్చినప్పుడు ఆయన చెవిలో ఉన్నది చిల్లులున్న మెత్తటి రబ్బరు టోపీ, డోమ్ అంటారు. ఎక్కడో కొనుక్కున్నారు, అక్కడ అదే తగిలించి పంపారు. కొద్దిగా చెవుడున్నవాళ్లకి డోమ్ హాయిగా ఉంటుంది, చెవి మూసుకుపోయినట్టు ఉండదు. కానీ ఆ చిల్లుల్లోంచి ముందు కారిపోయేది బేస్. ఆయనకి మిగిలిందే బేస్! పైగా శబ్దం బయటికి కారి మళ్లీ మైకులోకి పోయి కుయ్‌మని ఈల వేస్తుంటే, ఆ ఈల పోవడానికని శబ్దమే తగ్గించి పెట్టారు. చెవి అచ్చు తీయించి బిగుతైన మోల్డ్ చేయించాం, ఈల పోయింది, బేస్ నిలిచింది. నాలుగు అట్టల ఆట ఆ తర్వాతి సంగతి. కాబట్టి అమ్మగారి మిషన్‌కి చెవిలో ఉన్నది డోమా మోల్డా చూడండి. మోల్డ్ అయితే ఎన్నేళ్ల క్రితందో అడగండి. వయసుతో చెవి ఆకారం మారి పాత మోల్డు వదులవుతుంది.

ఆడియాలజిస్టుని ఇంకో మాట అడగండి: హోరు ఎక్కువైనప్పుడు మిషన్ దానంతటది బేస్ తగ్గించేస్తోందా అని. చాలా మిషన్లలో అలాంటి అమరిక ఉంటుంది, మామూలువాళ్లకి మంచిదే. అమ్మగారి లాంటివాళ్లకి హోరుతో పాటు ఆసరా కూడా పోతుంది. దానికి బదులు హోరునే ఆపడం మేలు. మిక్సీ, టేబుల్ ఫ్యాను, పాత కూలరు, వీటి గుర్రు సరిగ్గా గొంతు ఉండే చోటే ఉంటుంది కాబట్టి గొంతుని మింగేస్తుంది. వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా ఆవిడతో మాట్లాడి, ‘మిషన్ పనిచేయట్లేదు’ అనుకోవద్దు.

లాభం ఉందో లేదో మీరే కొలవొచ్చు. 1978లో డిఫిలిపో, స్కాట్ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతి ఇది, ట్రాకింగ్ అంటాం. ఖర్చు లేదు. అమ్మగారికి తెలియని కథో వ్యాసమో ఒకటి తీసుకోండి. ఇంటి గొడవలూ పురాణాలూ వద్దు, అవి ఊహించేస్తారు. మూడడుగుల దూరంలో ఎదురుగా కూర్చుని, వెలుగు మీ మొహం మీద పడేలా చూసుకుని, నాలుగైదు మాటలు చదవండి. ఆవిడ ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. ఏ మాటైనా తప్పితే మళ్లీ చెప్పండి, అప్పటికీ కాకపోతే వేరేగా చెప్పి దారికి తెండి, తర్వాత ముందుకి పదండి. పది నిమిషాలకి ఎన్ని మాటలు దాటారో లెక్కపెట్టి పదితో భాగిస్తే నిమిషానికి ఎన్ని మాటలో వస్తుంది. ఒకసారి మిషన్ తీసి, ఒకసారి పెట్టి చేయండి. రెండో రోజు వరస తిరగేయండి, ఎందుకంటే రెండోసారి చేసేది అలవాటు వల్ల ఎలాగూ మెరుగ్గా వస్తుంది. చదివేది మాత్రం ఒక్కరే ఉండాలి. మీరొకరోజు, తమ్ముడొకరోజు చదివితే లెక్క చెడుతుంది, మీసం ఒక్కటి చాలు అంకె కింద పడడానికి. నాలుగైదు రోజుల అంకెలు ఒక కాగితం మీద పక్కపక్కన వేశాక, తమ్ముడితో వాదించాల్సిన పని మీకు ఉండదు.

ఇంట్లో వాళ్లు చేసే తప్పుల్లో పెద్దది అరవడం. అరిస్తే అచ్చులు లావెక్కుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి, నోరు వంకర్లు పోయి పెదాల ఆకారం చెడుతుంది, మిషన్‌లో శబ్దం పగులుతుంది. మామూలు గొంతుతో, మామూలుకంటే ఒక పిసరు నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య చిన్న సందు ఇస్తూ మాట్లాడండి. ముందు పేరు పెట్టి పిలిచి, కళ్లు కలిశాక మొదలెట్టండి. కరోనా రోజుల్లో మాస్కులు పెట్టుకున్నప్పుడు ‘నాకీ మధ్య చెవుడు పెరిగింది’ అని వచ్చినవాళ్లు ఎంతమందో. పరీక్ష చేస్తే చెవి అలాగే ఉండేది. అన్నేళ్లుగా కళ్లతో వింటున్నామని వాళ్లకి అప్పటిదాకా తెలియదు.

టీవీ గురించి అడిగారు. న్యూస్ అర్థమవుతుంది, సీరియల్ అర్థం కాదు, మనసు పెట్టట్లేదేమో అన్నారు. ఆ సీరియల్ హిందీ నుంచి డబ్బింగా చూడండి. డబ్బింగ్‌లో పెదాలది ఒక భాష, గొంతుది ఇంకో భాష. మనకి చెవి బాగుంది కాబట్టి పెదాలని పట్టించుకోం. ఆవిడకి రెండూ కలిస్తేనే మాట, అక్కడ రెండూ కొట్టుకుంటున్నాయి. కన్నూ చెవీ వేరువేరు సంగతులు చెబితే మెదడు ఎంత తికమకపడుతుందో 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ చూపించారు. ‘గ’ అంటున్న నోటికి ‘బ’ అన్న శబ్దం అతికిస్తే, చెవి బాగున్నవాళ్లకే చాలామందికి ‘ద’ అని వినపడింది. రెండింటిలో లేని మూడోది! ఇక టీవీ శబ్దాన్ని బ్లూటూత్‌తో నేరుగా మిషన్‌కి పంపుతున్నారంటే శబ్దం బొమ్మకంటే వెనకబడుతోందేమో గమనించండి. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా జనం పసిగడతారని ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికాం సంస్థ వేసిన లెక్క. పైన చెప్పిన ప, బల తేడా ఆ పదో వంతు సెకనులోనే ఉంది కదా, అంతకంటే ఆలస్యమైతే సాయం కాస్తా అడ్డమవుతుంది. అలా ఉంటే బ్లూటూత్ తీసేసి టీవీ దగ్గరికి కుర్చీ జరపండి. వీడియో కాల్‌లో నెట్ సరిగ్గా లేక మీ బొమ్మ ఆగి ఆగి కదులుతున్నప్పుడు కూడా ఇదే గతి. అప్పుడు టైపు చేయడమే నయం.

దీనికి హద్దులు లేకపోలేదు. క వరస కంటికి కనపడదు, బేస్ ఒక్కటే ఉన్న చెవికీ సగమే అందుతుంది, అక్కడ సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. పదిమంది ఒకేసారి మాట్లాడే పెళ్లి పందిట్లో ఏ మిషనూ ఆదుకోదు. పెదాలు చూస్తూ వినడం ఒళ్లు అలసిపోయే పని. సాయంత్రానికి ఆవిడ చిరాకుపడుతున్నారంటే మొండితనం అనుకోకండి, రోజంతా పరీక్ష రాసిన మనిషి ఆవిడ. ఆడియోగ్రామ్‌లో 250, 500 దగ్గర కూడా ఏమీ మిగలకపోతే, మోల్డ్ సరిచేశాక కూడా ట్రాకింగ్ అంకెలో తేడా రాకపోతే, అప్పుడు మిషన్ గురించి నేనిక పట్టుబట్టను. కాక్లియర్ ఇంప్లాంట్‌కి పనికొస్తారేమో చూపించమంటాను. అది పిల్లలకి మాత్రమే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, పెద్దవాళ్లకీ చేస్తారు. చేయిస్తే రెండో చెవిలో మామూలు మిషన్ తీసేయొద్దు. ఇంప్లాంట్ సన్నటి శబ్దాలని బాగానే ఇస్తుంది గానీ గొంతు శ్రుతి విషయంలో బలహీనం, ఆ లోటు రెండో చెవిలో మిగిలిన బేస్ తీరుస్తుంది. రెండో అభిప్రాయం కావాలంటే సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో 1965 నుంచి నడుస్తున్న ఆలిండియా వాక్ శ్రవణ సంస్థ ఉంది. ఒక్క హెచ్చరిక: ఉన్న వినికిడి ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి పడిపోతే ఇవేవీ చూడకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆలస్యమైన కొద్దీ వైద్యానికి లొంగదు.

ముందు డోమా మోల్డా చూసి చెప్పండి. ఆదివారం నుంచి ట్రాకింగ్ మొదలెట్టి, అయిదు రోజుల అంకెలూ, ఆడియోగ్రామ్‌లో 250, 500, 1000 దగ్గర ఉన్న అంకెలూ ఇక్కడ రాయండి. బేస్ ఎంత పెంచమని అడగాలో అప్పుడు ఇంకాస్త కచ్చితంగా చెబుతాను. ఈలోగా మిషన్ బ్యాటరీ రోజూ పొద్దున్నే ఒకసారి చూడండి. బ్యాటరీ నీరసిస్తే మిషన్ ఆగిపోతుంది, అమ్మగారేమో ఆ రోజు మీ మాటలు సరిగ్గా కనపడట్లేదంటారు.